అట్టముక్క కట్టిన ఎడమ చేయి

నాకు పుట్టుకతోనే వినికిడి లేదు. పదేళ్లు నిండకముందే రేచీకటి మొదలై, ఇరవై రెండో ఏటికి వెలుతురును పోల్చుకునేంత చూపు మాత్రమే మిగిలింది. దీనిని అషర్ సిండ్రోమ్ అంటారనీ, అమ్మానాన్నలిద్దరిలోనూ బయటపడకుండా ఉన్న జన్యులోపం రెండు వైపుల నుంచీ నాకే సంక్రమించిందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్లది మేనరికం. ఇలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందట, చెల్లి తప్పించుకుంది. రెండేళ్లు దాటినా నేను నడవకపోతే నాయనమ్మ బద్ధకమనుకున్నదట గానీ, ఒంటిని తూలకుండా నిలిపేది కూడా లోపలి చెవేనని అప్పుడు మా ఇంట్లో ఎవరికి తెలుసు?

చూపున్న రోజుల్లోనే బధిరుల పాఠశాలలో తెలుగు చదవడం నేర్చుకున్నాను కనుక, అది మసకబారుతున్నకొద్దీ అమ్మ నా ఎడమ అరచేతిలో చూపుడువేలితో అక్షరాలు రాయసాగింది. వ, మ రెండూ ఒకేలా తగిలేవి. అందుకని 'మ' రాశాక గోటితో చిన్నగా నొక్కేది. ఒత్తులు ఎగరగొట్టేది గానీ తలకట్టు మాత్రం ఎంత తొందరలోనూ వదిలేది కాదు. కుడి చేయి నా సైగలకు, ఎడమ చేయి వినడానికి: ఇల్లంతా అలా అలవాటు పడిపోయింది.

2019 వానాకాలంలో నాకు డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో సెలైన్ కోసం ఎడమ చేతికి సూది గుచ్చి, కదలకుండా అరచేతి కింద అట్టముక్క పెట్టి ప్లాస్టరు చుట్టేశారు. ఎవరికైనా అలాగే కడతారు, నిజమే. కానీ నాకు ఒక్కమాటైనా చెప్పకుండా, అమ్మ మందులకు వెళ్లిన సమయంలో కట్టారు. ఆ అరగంట మంచం పక్కన మనుషులు ఉన్నారో లేదో కూడా తెలియక, స్పిరిట్ వాసనను బట్టి ఎవరో వచ్చి వెళ్తున్నారని ఊహించుకుంటూ పడుకున్నాను. అమ్మ వచ్చి నన్ను ఒక పక్కకు తిప్పి, వీపు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు జ్వరం దిగితే ఇంటికి వెళ్దామని సైగ చేశాను. డెంగీలో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదమని డాక్టరు చెప్పారట. నాన్న నా వీపు మీద "28" అని వేసి, కాసేపు ఆగి, "వేలు" అని చేర్చారు. అవి ప్లేట్‌లెట్లు, లక్షన్నరకు తగ్గకుండా ఉండాల్సినవి. ఆ ఆగడంలోనే నాకు ఆయన భయం తెలిసింది. మర్నాటి అంకె 41, ఆ తర్వాత 76.

ఎనిమిదో రోజు కట్టు విప్పారు. అమ్మ ఆత్రంగా ఎడమ చేయి అందుకుంది గానీ, ఈ జ్వరం పోతూ పోతూ అరచేతులకు, అరికాళ్లకు తెచ్చిపెట్టిన దురద వల్ల అక్షరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. "చారు" అన్నదో, "చాలు" అన్నదో పోల్చుకోలేక, మళ్లీ రాయమని చేయి చాపాను.