హీరోలకు పగ్గాలు ఎప్పుడు, ఎంత వదలాలి

డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అంటే ఆటగాళ్లు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే ఆట. దాన్ని ఆడించే డీఎంలలో (డంజన్ మాస్టర్లలో) చాలామంది మొదటి సెషన్‌లోనే, అంటే మొదటిసారి ఆడటానికి కూర్చున్నప్పుడే, మ్యాప్ పరిచి "ఎక్కడికి వెళ్తారు?" అని అడుగుతారు. లేదంటే పాత్రల శక్తి మెట్టుమెట్టుగా పెరిగి పన్నెండో లెవెల్ వచ్చినా ఏదో ఒక రాజుగారి చేత పనులు పురమాయిస్తూనే ఉంటారు. మొదటి పద్ధతిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఊరి పేర్లు తప్ప ఇంకేమీ తెలియనివాళ్లను ఎంచుకోమనడం కళ్లు మూసుకుని చీటీ తీయమనడమే. రెండో పద్ధతిలో ఫైర్‌బాల్ (నిప్పు బంతి) మంత్రం వేసే మాంత్రికుడు ఇంకా ఎవరి ఉత్తరాలో మోస్తుంటాడు. లెవెల్ పెరిగేకొద్దీ స్వేచ్ఛ కూడా పెరగాలి.

1, 2 లెవెల్స్‌కు ఒక ఊరు, ఒక పని చాలు. ఏం చేయాలో మీరు చెప్పండి, ఎలా చేయాలో వాళ్లకు వదిలేయండి. గోబ్లిన్ల స్థావరానికి ముందు వాకిలి, వెనక వాగు పక్కన ఇంకో దారి, నాయకుడి మీద కోపంగా ఉన్న ఒక గోబ్లిన్ ఉంటే ఆటగాళ్లు తమ దారి తామే వెతుక్కుంటారు.

మూడో లెవెల్‌కు రాగానే మూడు కబుర్లు చెవిన వేయండి. రేవులో పడవలు మాయమవుతున్నాయి. పాత గనిలో రాత్రిళ్లు దీపాలు కనిపిస్తున్నాయి. కొండ దొర పన్ను రెట్టింపు చేశాడు. ఒక్కోదానికి ఒక చోటు, ఒక మనిషి, ఒక ప్రమాదం, పట్టించుకోకపోతే వారం రోజుల్లో ఏమవుతుందో ఒక్క వాక్యం రాసుకోండి. మూడూ కలిపి ఒక పేజీ దాటకూడదు. సెషన్ ముగిసే ముందు పది నిమిషాలు తీసుకుని వచ్చేసారి ఎటు వెళ్తారో తేల్చమనండి, ఆ ఒక్కదాన్నే పూర్తిగా సిద్ధం చేసుకోండి. మూడు గుహలూ గీస్తూ కూర్చునే డీఎం నెల తిరక్కుండానే అలసిపోతాడు. ఏ దారిలో వెళ్లినా అదే రాక్షసుణ్ణి ఎదురుగా పెట్టే డీఎంను మాత్రం ఆటగాళ్లు త్వరగానే పసిగడతారు. ఆ నమ్మకం పోతే తిరిగి రావడం చాలా కష్టం.

వదిలేసిన కబుర్లు అక్కడే ఆగిపోకూడదు. ఒక్కోదానికి ఆరు గళ్లు గీసి, ఆటలో వారం గడిచినప్పుడల్లా ఒక గడి నింపండి. రెండో గడికి రేవులో చేపల ధర పెరుగుతుంది, నాలుగో గడికి సరంగు కుటుంబంతో సహా ఊరు వదిలి పారిపోతాడు, ఆరుకు రేవు శత్రువు చేతికి చిక్కుతుంది. ఇది శిక్షలా అనిపించకూడదు. అందుకే మధ్యలో కనీసం రెండుసార్లు వార్త వాళ్ల చెవిన పడాలి.

ఐదో లెవెల్‌లో మాంత్రికుడికి ఎగిరే మంత్రం అందుతుంది. లోయ దాటడమే పెద్ద సవాలుగా అల్లుకున్న కథలు అక్కడితో చెల్లిపోతాయి. కంగారుపడి మంత్రాలు పనిచేయని లోయ సృష్టించకండి. కష్టపడి సంపాదించుకున్న శక్తిని లాక్కోవడమే అవుతుంది. మంత్రాన్ని చదివి చూడండి: ఆ స్థాయిలో ఎగిరేది ఒక్కరే, అదీ పది నిమిషాలు, మాంత్రికుడి ఏకాగ్రత చెదిరితే కింద పడతారు. ఆ లెవెల్‌లో అలాంటి మంత్రం వేయడానికి చేతిలో ఉండే అవకాశాలు (స్లాట్లు) రెండే. మిగతా జట్టును ఎలా దాటించాలన్నది ఇంకా మంచి చిక్కే.

అసలు మలుపు తొమ్మిదో లెవెల్. క్షణంలో దూరపు చోటికి చేర్చే టెలిపోర్టేషన్ సర్కిల్ మంత్రం వేయడానికి ఒక నిమిషం, 50 బంగారు నాణేల విలువైన సుద్దలు, సిరాలు చాలు. కానీ చేరాల్సిన శాశ్వత వలయం గుర్తుల వరుస తెలిసి ఉండాలి. ఆట 2014 నిబంధనల ప్రకారం మంత్రం మొదట అందినప్పుడు తెలిసేవి రెండే, అవేవో నిర్ణయించేది డీఎం. ఒకటి మిత్రుల నగరం, ఇంకోటి గొడవలున్న చోటు ఇవ్వండి. ఆ తర్వాత ప్రతి కొత్త వరుసనూ నిధిగా పెట్టండి. ఇలా చేస్తే ఆటగాళ్లు తమ మ్యాప్‌ను తామే పెంచుకుంటారు. రాజుగారు కూడా ఇక ఆజ్ఞాపించకూడదు, సాయం అడగాలి. వీళ్లు కాదంటే ఆయన ఇంకెవరి దగ్గరికి వెళ్తాడో ముందే రాసి పెట్టుకోండి.

11వ లెవెల్ దాటాక కథను అల్లడం ఆపేయండి. "మీ పాత్రకు వచ్చే ఏడాదిలోగా ఏం కావాలి?" అని ప్రతి ఆటగాణ్ణీ విడివిడిగా అడిగి ఒక్క వాక్యం రాయించుకోండి. అందరి ముందూ అడిగితే గట్టిగా మాట్లాడేవాడి కోరికే జట్టు కోరిక అయిపోతుంది. కోట కావాలన్నవాడికి ఆ భూమి మీద హక్కున్న వారసుణ్ణి, గురువును బతికించుకోవాలన్నవాడికి ఆ శవాన్ని దాచినవాణ్ణి చూపించండి. ఆ పైన మీ పని వాళ్ల శత్రువులు ఏం చేస్తారో నిజాయితీగా నడపడం.