జూన్ 30, లెక్కలు మూసే రోజు

జూన్ 30. పొద్దున్నించీ మబ్బు పట్టే ఉంది, చినుకు మాత్రం రాలలేదు. చూడ్డానికి యూరప్ లీగుల్లో మ్యాచుల్లేని రోజులు. కానీ స్పెయిన్‌లో, ఇటలీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బులు ఏడాది ఖాతాలు మూసేది ఈ రాత్రే. ఈ తారీఖు వచ్చిందంటే నాకు మోంచి గుర్తొస్తాడు.

అసలు పేరు రమోన్ రొడ్రీగెస్ వెర్దేహో. 1968లో కాదిస్ పక్కన శాన్ ఫెర్నాండోలో పుట్టాడు. తొంభైలలో స్పెయిన్ క్లబ్ సెవిల్లాకి గోల్‌కీపర్. మరో గోల్‌కీపర్ ఉన్సువే ముందుండగా ఎక్కువ కాలం బెంచీ మీదే గడిచింది. 1999లో ఆట మానేశాడు. 2000లో సెవిల్లా రెండో డివిజన్‌కి జారిపోయి, చేతిలో డబ్బు లేక అల్లాడుతున్నప్పుడు స్పోర్టింగ్ డైరెక్టర్ పని, అంటే ఆటగాళ్లని కొనీ అమ్మీ జట్టు కూర్చే పని, అతని నెత్తిన పడింది. ఏడాది తిరిగేసరికి జట్టు మళ్లీ పై డివిజన్‌కి వచ్చింది. 2006, 2007, 2014, 2015, 2016: యూరప్‌లో రెండో పెద్ద కప్పు ఐదుసార్లు గెలిచింది. మొదటి రెండుసార్లకి దాని పేరు యూఈఎఫ్‌ఏ కప్, తర్వాత యూరోపా లీగ్.

ఆటగాళ్లని వెతకడంలో సెవిల్లాలో అతని పద్ధతి ఓపిక మీద నడిచేది. ఆటగాళ్లని గమనించి వచ్చే స్కౌట్లు పదహారు మంది లీగులు పంచుకునేవాళ్లు. సీజన్ మొదలైన ఐదు నెలలు ఫలానావాడు కావాలని ఎవరూ వెతికేవాళ్లు కాదు, ఊరికే చూస్తూ రాసుకునేవాళ్లు. నెలకోసారి ఒక్కో లీగుకీ ఒక ఉత్తమ పదకొండు మంది జాబితా వేసేవాళ్లు. ఆ జాబితాల్లో పదేపదే కనబడే పేర్లని డిసెంబరులో పక్కకి తీసేవాళ్లు. అక్కణ్ణించి అసలు పరీక్ష. ఒక్కొక్కణ్ణి సొంత మైదానంలో, బయట, దేశం జట్టులో, వేర్వేరు స్కౌట్లు చూడాలి. ఒకడి కంటికి నచ్చినంత మాత్రాన కొనేవాళ్లు కాదు. మోంచి కోచ్‌ని కూడా పేర్లు అడిగేవాడు కాదు. ఎలాంటివాడు కావాలో, ఏ పాదం, ఎంత వేగం, బంతి లేనప్పుడు ఏం చెయ్యాలో చెప్పమనేవాడు. కోచ్ పేరు చెబితే బేరం ఆ ఒక్క పేరు దగ్గరే ఇరుక్కుంటుంది, అవతలి క్లబ్బుకి ఆ సంగతి తెలిసిందంటే ధర పెరుగుతుంది.

అందరూ మెచ్చుకునేది ఈ కొనుగోలునే. నాకు మాత్రం అతని తెలివి అమ్మకంలోనే కనబడుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. కోటి యూరోలు పెట్టి ఒకణ్ణి ఐదేళ్ల ఒప్పందం మీద తెస్తే, ఖాతాలో ఏటా 20 లక్షలు ఖర్చు రాస్తారు. రెండేళ్లు గడిచాక అతని విలువ పుస్తకంలో 60 లక్షలు. అప్పుడు మూడు కోట్లకి అమ్మితే లాభం రెండు కోట్ల నలభై లక్షలు, మొత్తం ఆ ఏడాది పద్దులోనే పడుతుంది. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరే లేదు కాబట్టి అమ్మిన సొమ్ము దాదాపు అంతా లాభమే. 2005లో సెర్హియో రామోస్ కోసం రియల్ మాడ్రిడ్ ఇచ్చిన 2.7 కోట్ల యూరోలు అలాంటివే. స్పెయిన్‌లో ఒప్పందాల్లో విడుదల మొత్తం రాసుకుంటారు. అంత సొమ్ము కట్టేస్తే క్లబ్ ఆపలేదు. అందుకే ఆ అంకె ఎంత పెట్టాలన్నది సంతకం రోజునే తేలాలి. తక్కువ పెడితే చవగ్గా పోతాడు, మరీ ఎక్కువ పెడదామంటే ఆటగాడు జీతం పెంచమంటాడు.

ఫార్వర్డ్ కార్లోస్ బాక్కాని 2013లో బ్రూగె నుంచి 70 లక్షలకి తెచ్చారు. 2015 వార్సా ఫైనల్లో ద్నీప్రో మీద రెండు గోల్స్ కొట్టాడు. ఆ వేసవిలోనే మిలాన్ మూడు కోట్లు కట్టి పట్టుకుపోయింది. కొన్నప్పటి ధరకి నాలుగింతలు, కప్పు అదనం. అమ్మిన వేళ సెవిల్లాది.

2017లో ఇటలీ క్లబ్ రోమాకి వెళ్లాక ఆ వేళ మోంచి చేతిలో లేదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏతో ఆర్థిక నియమాల ఒప్పందం కింద ఉన్న క్లబ్ అది, జూన్ 30 లోపు లెక్క సరిచెయ్యాలి. జూన్ 22న ఫార్వర్డ్ సలా లివర్‌పూల్‌కి వెళ్లిపోయాడు: 4.2 కోట్లు, షరతుల మీద మరో 80 లక్షలు. ఆరు వారాలకే పారిస్ క్లబ్ పీఎస్‌జీ నెయ్‌మార్‌కి 22.2 కోట్లు కట్టింది, మార్కెట్ అంతా ఎగిరింది. అప్పు గడువుకి కళ్లంలోనే ధాన్యం అమ్ముకున్న రైతు పరిస్థితి. మర్నాడు ధర ఎంతవుతుందో రైతుకి తెలియకపోదు, ఆగే వీలే ఉండదు. 2018లో గోల్‌కీపర్ అలిసన్ కూడా వెళ్లాడు, పస్తోరే లాంటి కొనుగోళ్లు కలిసిరాలేదు, 2019 మార్చిలో మోంచి బయటికొచ్చాడు.

సెవిల్లాకి తిరిగొచ్చాక జరిగిన పొరపాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. 2022 వేసవిలో కుందే బార్సిలోనాకి, డీగో కార్లోస్ ఇంగ్లండ్ క్లబ్ ఆస్టన్ విల్లాకి: డిఫెన్సు నడిమిన ఆడే సెంటర్‌బ్యాక్ జోడీ మొత్తం ఒకే బదిలీల సీజన్‌లో పోయింది. 2019లో 2.5 కోట్లకి కొన్న కుందే దాదాపు 5 కోట్లు తెచ్చాడు, ధరలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ బదులు తెచ్చిన మార్కావ్ మొదట్లోనే గాయపడ్డాడు, నియాంజు కుర్రాడు. పక్కన నిలబడి సర్దిచెప్పే పాతవాడు లేకపోతే కొత్తవాడు ఎంత మంచి ఆటగాడైనా డిఫెన్సు లైను కుదరదు. సీజన్ మధ్యలో ఇద్దరు కోచ్‌లు పోయారు, లీగులో పన్నెండో స్థానం. 2023 మే 31న బుడాపెస్ట్‌లో రోమా మీద పెనాల్టీల్లో గెలిచి మళ్లీ యూరోపా లీగ్ ఎత్తారు, అయినా ఆ లీగు పట్టిక నాకు కప్పుకంటే ఎక్కువ చెప్పింది. తర్వాత కొద్ది రోజులకే మోంచి విల్లాకి వెళ్లాడు.

రేపట్నుంచి బదిలీ వార్తలు చూసేటప్పుడు ధర పక్కన ఇంకో రెండు గడులు గీసుకోవాలి: ఒప్పందంలో మిగిలిన ఏళ్లు, అదే లైనులోంచి ఆ వేసవిలో వెళ్లినవాళ్ల లెక్క.