గజ్జెలు కట్టిన తలుపు

నిన్నటితో ఇరవై రోజులు. మా వాడు నిద్రలో లేచి నడవలేదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

వాడికి ఎనిమిదేళ్లు. వేసవి సెలవుల్లో మా అమ్మావాళ్ల డాబా మీద పడుకున్నాం. పదకొండు దాటాక మెలకువ వచ్చి చూస్తే పక్కన లేడు. పిట్టగోడ ఎక్కడానికి కాలు పైకెత్తుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడు. వెనకనుంచి నడుం పట్టుకుని దింపాను. తెల్లారి అడిగితే ఒక్కటీ గుర్తులేదు.

అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. తప్పులేదు, కట్టించుకోండి. తలుపు గడియ మాత్రం మరవకండి.

నన్ను ఏడిపించింది మొదట చూపించిన డాక్టర్. రెండు గంటలు కూర్చోబెట్టి పిలిచాడు. గది తలుపు బార్లా తీసే ఉంది, బయటంతా జనం. సగం కూడా చెప్పనివ్వకుండా "ఇంట్లో మొగుడూపెళ్లాల గొడవలా? పిల్లాణ్ని కొడతారా?" అని గట్టిగా అడిగాడు. లేదు సార్ అంటే, "మరి ఊరికే ఎందుకు నడుస్తాడమ్మా?" అన్నాడు. బయట కూర్చున్నావిడ వాళ్ల పాపను దగ్గరికి లాక్కుంది. మా వాడు నా కొంగు పట్టుకుని "నేనేం చేశానమ్మా?" అన్నాడు. వాడికి జవాబు చెప్పలేకపోయాను. నిద్రమాత్రలు రాసిచ్చాడు, కొనలేదు. ఎంత పేరున్న డాక్టరైనా సరే, పిల్లల ముందు అలా మాట్లాడితే లేచి వచ్చేయండి. ఆ రోజు నేను లేవలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

రెండో డాక్టరమ్మ ఓపిగ్గా అడిగారు. ఎన్నింటికి పడుకుంటాడు, ఎంతసేపటికి లేస్తాడు, గురక ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా? మా ఆయనకు చిన్నప్పుడు ఉండేదట, అత్తయ్య అప్పుడు చెప్పారు! పడుకున్న గంటా రెండు గంటల్లో, గాఢనిద్రలో ఇలా లేస్తారట. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా ఎక్కువవుతుందట. చాలామందికి పెద్దయ్యేకొద్దీ దానంతటదే పోతుందన్నారు. మా వాడు పదిన్నరకు పడుకుని ఐదింటికల్లా ట్యూషన్‌కి లేచేవాడు. ఆ ట్యూషన్ మాన్పించాం. ఇప్పుడు తొమ్మిదికే పడక. రోజూ రాత్రి నిద్రలో లేచి నడిచే టైముకి పావుగంట ముందే మెల్లగా లేపి, బాత్రూంకి తీసుకెళ్లి మళ్లీ పడుకోబెడుతున్నాను.

వీధి తలుపుకి వాడికి అందనంత ఎత్తులో గడియ, బాల్కనీకి గ్రిల్ పెట్టించాం. నడుస్తుంటే అరవొద్దు, కుదపొద్దు. భుజం మీద చెయ్యేసి మంచం దాకా నడిపించాలి.

వాడి గది తలుపుకి నా చిన్నప్పటి డాన్సు గజ్జెలు కట్టాను. నిన్న రాత్రి గాలికి ఘల్లుమన్నాయి. పరుగెత్తి చూస్తే, వాడు దుప్పటి కాళ్లకు చుట్టుకుని పడుకునే ఉన్నాడు.