మాస్టర్ మీద ఫిల్టర్ స్వీప్: గీత గీయడం కన్నా దాన్ని ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం

చరణం చివర పాటంతా నీళ్లలో మునిగినట్టు మూసుకుపోయి, పల్లవి తొలి దెబ్బకి ఒక్కసారిగా తెరుచుకుంటుంది చూడండి, దానికి కావలసింది మాస్టర్ (ట్రాకులన్నీ కలిసి బయటికొచ్చే చివరి ట్రాక్) మీద ఒక లో-పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకి పైనున్న ఫ్రీక్వెన్సీలను కోసేసేది), కటాఫ్‌కి, అంటే ఆ హద్దుకి, ఒక ఆటోమేషన్ గీత (పాట నడుస్తుండగా నాబ్ ఎలా కదలాలో చెప్పేది). అంతే. గీయడం తేలికే, పాడయ్యేది దాని చుట్టూ ఉన్న పనుల్లో.

రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్ ట్రాక్ మామూలుగా ట్రాకుల వరుసలో కనబడదు. కంట్రోల్+ఆల్ట్+ఎం నొక్కితే వస్తుంది. ఫిల్టర్ ప్లగిన్ తెరిచి కటాఫ్ నాబ్‌ని ఒకసారి కదిపి, పైనున్న పారమ్ బటన్‌లో ‘షో ట్రాక్ ఎన్వలప్’ ఎంచుకోండి (రీపర్‌లో ఆటోమేషన్ గీతని ఎన్వలప్ అంటారు). ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే నాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘క్రియేట్ ఆటోమేషన్ క్లిప్’. ఏబుల్టన్ లైవ్‌లో ‘ఏ’ కీ నొక్కితే ఆటోమేషన్ గీతలు బయటపడతాయి.

ఫిల్టర్ లిమిటర్‌కి (శబ్దం ఒక లెవెల్ దాటకుండా ఆపే ప్లగిన్‌కి) ముందే ఉండాలి. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ దగ్గర కొన్ని డీబీలు లేస్తాయని అందరికీ తెలుసు. కానీ రెజొనెన్స్ సున్నా పెట్టినా ఫిల్టర్ ఫేజ్‌ని (తరంగాల సమయాన్ని) జరుపుతుంది, దాంతో పీక్‌ల ఆకారం మారి లెవెల్ పైకి పోవచ్చు. లిమిటర్ తర్వాత ఫిల్టర్ పెడితే −1 డీబీ దగ్గర కట్టిన కట్ట అక్కడే తెగుతుంది.

స్వీప్ లేనప్పుడు ఫిల్టర్‌ని ఏం చేయాలి? చాలామంది బైపాస్‌ని (ప్లగిన్‌ని పక్కన పెట్టే బటన్‌ని) ఆటోమేట్ చేస్తారు. ఆ క్షణాన టిక్కుమని వినబడొచ్చు. లేటెన్సీ (ఆలస్యం) ఉన్న లీనియర్ ఫేజ్ (ఫేజ్ తేడా రానివ్వని) ప్లగిన్ అయితే శబ్దమే తడబడవచ్చు. డ్రై/వెట్ మిక్స్‌ని (ఫిల్టర్ కాని, అయిన శబ్దాల పాళ్లని) కదిపితే మధ్యలో ఇంకో తంటా: ఫేజ్ జరిగిన వెట్, జరగని డ్రై కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మామూలు ఫిల్టరే వాడి, కటాఫ్‌ని 20 కిలోహెర్ట్జ్ దగ్గర నిలిపి ఉంచండి. ఇంతకన్నా శుభ్రమైన దారి నాకు కనబడలేదు.

గీత ఆకారం గురించి. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు), బార్‌కి నాలుగు బీట్ల లెక్కన, నాలుగు బార్లంటే 8 సెకన్లు. 18 కిలోహెర్ట్జ్ నుంచి 5 దాకా రెండు ఆక్టేవులు (ఫ్రీక్వెన్సీ సగమైతే ఒక ఆక్టేవ్) కూడా లేవు, అక్కడ తాళాల (సింబల్స్) మెరుపు తప్ప పెద్దగా ఏమీ పోదు. 5 కిలోహెర్ట్జ్ నుంచి 300 హెర్ట్జ్ దాకా మాత్రం నాలుగు ఆక్టేవులు, వినేవాళ్లకి ‘మూసుకుపోవడం’ తెలిసేది ఇక్కడే. మొదటి రెండు సెకన్లలో 5కి దించేసి, మిగిలిన ఆరూ దీనికివ్వండి. కొన్ని ప్లగిన్లలో కటాఫ్ కొలత లాగరిథమిక్ (ప్రతి ఆక్టేవ్‌కీ సమానమైన చోటిచ్చేది) కాదు, వాటిలో తిన్నని గీత గీస్తే అసలు మార్పంతా చివరి క్షణంలోనే జరిగిపోతుంది. అంకెలు చూసుకుంటూ పాయింట్లు పెట్టాలి.

తెరుచుకునే పాయింట్‌ని బార్ గీత మీద కాకుండా పది మిల్లీసెకన్లు ముందు పెట్టండి. చాలా ప్లగిన్లు ఆటోమేషన్ విలువను బఫర్‌కి (ఒక విడతలో ప్రాసెస్ చేసే శాంపిళ్ల గుంపుకి) ఒకసారే చదువుతాయి. 48 కిలోహెర్ట్జ్‌లో 512 శాంపిళ్లంటే దాదాపు 10.7 మిల్లీసెకన్లు, ఆలోపే కిక్ మొదటి అంచు మొద్దుబారిపోతుంది. ప్లే చేసినప్పుడు బాగుండి, రెండర్‌లో (ఫైల్‌గా బయటికి తీసినప్పుడు) తేడా వచ్చినా అనుమానించాల్సింది ముందు దీన్నే.

నన్నడిగితే గాత్రం ఉన్న పాటకి ఈ స్వీప్ మాస్టర్ మీద అసలు వద్దు. వాయిద్యాలన్నిటినీ ఒక బస్‌కి (కొన్ని ట్రాకులు కలిసే ఉమ్మడి ట్రాక్‌కి) పంపి ఫిల్టర్ అక్కడ వేస్తే, గొంతు స్పష్టంగా నిలిచి వెనకది మాత్రమే మునుగుతుంది. వినడానికీ అదే బాగుంటుంది.

ఫేడ్ అవుట్‌ది మరో లెక్క. రీపర్ మాస్టర్‌కి రెండు వాల్యూమ్ ఎన్వలప్‌లున్నాయి: ‘వాల్యూమ్’ ఎఫెక్టుల తర్వాత, ‘ప్రీ-ఎఫ్ఎక్స్’ వాటికి ముందు. ప్రీ-ఎఫ్ఎక్స్‌లో ఫేడ్ చేస్తే కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచే ప్లగిన్), లిమిటర్ పట్టు వదులుతూ పోతాయి, మీరు దించుతున్నా మొదట్లో శబ్దం తగ్గినట్టే ఉండదు. ఫేడ్‌కి ‘వాల్యూమ్’ వాడండి. పల్లవి కాస్త పైకి లేవాలనుకుంటే మాత్రం లిమిటర్ త్రెషోల్డ్‌ని (అది పట్టడం మొదలుపెట్టే లెవెల్‌ని) కదపకుండా, దానికి ముందున్న గెయిన్‌ని చరణంలో 0.5–1 డీబీ దించితే చాలు.

గీసిన గీత పనిచేయడం లేదా? లైవ్‌లో నాబ్‌ని చేత్తో కదిపితే ఆటోమేషన్ పక్కకి తప్పుకుంటుంది, పైన వెలిగే ‘రీ-ఎనేబుల్ ఆటోమేషన్’ బటన్ నొక్కాలి. రీపర్‌లో మాస్టర్‌ని రైట్ (రాసే) మోడ్‌లో వదిలేసి ప్లే నొక్కితే ఉన్న గీత మీదే కొత్తది రాసేస్తుంది. పని అవగానే రీడ్‌కి మార్చండి.

స్టెమ్స్ (గాత్రం, డ్రమ్స్ లాంటివి విడివిడి ఫైళ్లుగా) ఇచ్చేటప్పుడు మాస్టర్ మీది లిమిటర్, కంప్రెసర్ ఆపేసి రెండర్ చేయండి. ఒక్కో స్టెమ్‌కి అవి వేరేలా స్పందిస్తాయి కాబట్టి, అన్నీ కలిపినా మీ మిక్స్ తిరిగి రాదు.