ఆఫీసు మెయిల్ ఫోన్‌లో ఆలస్యంగా ఎందుకు పడుతుంది?

స్క్రీన్ ఆన్ చేయగానే గంట కిందటి మెయిల్స్ అన్నీ ఒక్కసారిగా బొలబొలా పడ్డాయంటే చాలామంది ముందు సిగ్నల్‌ని తిడతారు. సిగ్నల్ నిండుగా ఉన్నా ఇలా జరుగుతుంది. ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఎప్పుడూ తెరిచి ఉండాల్సిన కనెక్షన్ ఒకటుంది. అది ఎక్కడో తెగింది, తెగిన సంగతి ఫోన్‌కి తెలియలేదు. మెయిల్ ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇదే.

మెయిల్ వచ్చిన వెంటనే సర్వరే ఫోన్‌ని పలకరించొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఫోన్‌కి సాధారణంగా బయటి నుంచి నేరుగా చేరుకోగల చిరునామా ఉండదు. వేల ఫోన్లు ఆపరేటర్ గేట్‌వే (నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్‌తో కలిపే ద్వారం) వెనక ఉంటాయి, తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. కాబట్టి మొదటి మాట ఫోనే మాట్లాడాలి.

అందుకు మొరటు పద్ధతి ఫెచ్. అయిదు నిమిషాలకోసారి ‘ఏమైనా వచ్చిందా’ అని అడగడం. రోజుకి 288 సార్లు. అడిగే ప్రశ్న చిన్నదే, కానీ 4జీ రేడియో ఒకసారి లేచాక పని అయిపోయినా వెంటనే పడుకోదు, దాదాపు పది సెకన్లు మేలుకునే ఉంటుంది. బ్యాటరీని తినేది ఆ మెలకువే. ఐఫోన్‌లో ఫెచ్ 15 నిమిషాలకన్నా తక్కువకి పెట్టనివ్వకపోవడం ఊరికే కాదు.

ఈ చిక్కుని వ్యాపార ఫోన్లలో మొదట బాగా విప్పింది కెనడాలోని వాటర్లూకి చెందిన రిసెర్చ్ ఇన్ మోషన్ (రిమ్) కంపెనీ. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ 850 చూడ్డానికి పేజర్‌లా ఉండేది. తర్వాత కంపెనీల్లో స్థిరపడిన ఏర్పాటు ఇది: ఆఫీసులో బ్లాక్‌బెర్రీ సర్వర్, అది పోర్ట్ 3101 (పోర్ట్ అంటే కనెక్షన్ వెళ్లే నంబరు తలుపు) మీద బయటికి కనెక్ట్ అయ్యి రిమ్ సొంత కేంద్రాన్ని చేరుతుంది, అక్కడి నుంచి ఆపరేటర్ల ద్వారా ఫోన్‌కి. కనెక్షన్ లోపలి నుంచి బయటికే కాబట్టి ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్‌కి కాపలా కాసే వడపోతలో) లోపలికి రంధ్రం చేయక్కర్లేదు. మెయిల్ మొత్తం ఒకేసారి పంపకుండా మొదటి 2 కిలోబైట్లు పంపేవారు, మిగతాది చదివేవాడు కిందికి వెళ్తేనే. ఆ రోజుల నెట్‌వర్క్‌కి ఇంతకన్నా తెలివైన పద్ధతి లేదనే నా అభిప్రాయం. బలహీనత కూడా అక్కడే ఉంది: అంతా ఆ కేంద్రం మీదే ఆధారం. 2011 అక్టోబర్‌లో ఒక కోర్ స్విచ్ చెడిపోయి, దాని బదులు పనిచేయాల్సినది పనిచేయకపోయేసరికి ఎన్నో దేశాల్లో రోజుల తరబడి మెయిల్ ఆగింది. ఆ పాత సేవల్ని 2022 జనవరి 4న పూర్తిగా ఆపేశారు.

మైక్రోసాఫ్ట్ 2005లో తన ఆఫీసు మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2003 రెండో సర్వీస్ ప్యాక్‌తో మధ్యలో ఆ కేంద్రం లేకుండా చేసింది. యాక్టివ్‌సింక్ అనే ఆ పద్ధతిలో ఫోన్ పోర్ట్ 443 మీద సర్వర్‌కి పింగ్ అనే అభ్యర్థన పంపుతుంది, ‘ఈ ఫోల్డర్లు చూస్తూ ఉండు, ఇన్ని నిమిషాల్లోపు ఏదైనా వస్తే చెప్పు’ అని. సర్వర్ జవాబివ్వకుండా ఆ అభ్యర్థనని పట్టుకుని కూర్చుంటుంది. మెయిల్ వస్తే స్టేటస్ 2 అని జవాబు, ఫోన్ వెంటనే సింక్ చేసుకుంటుంది. గడువు దాకా ఏమీ రాకపోతే స్టేటస్ 1, ఫోన్ మళ్లీ పింగ్ పంపుతుంది. ఆ గడువునే హార్ట్‌బీట్ అంటారు. మెయిల్ చదవడానికి వాడే మరో ప్రమాణం ఐమ్యాప్‌లో ఐడిల్ అనేదీ ఇలాంటిదే. దాన్ని 29 నిమిషాల్లోపు మళ్లీ మొదలుపెట్టమని ప్రమాణ పత్రమే చెబుతుంది.

తెగేది ఇక్కడే. దారిలో ఉన్న ఫైర్‌వాల్‌కి పది నిమిషాలుగా కదలిక లేని కనెక్షన్ చనిపోయినట్టే లెక్క, చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. ఫోన్ మాత్రం ఇంకా లైన్లోనే ఉన్నాననుకుని గడువు ముగిసేదాకా ఎదురుచూస్తుంది. అందుకే యాక్టివ్‌సింక్ వాడే చోట ఫైర్‌వాల్ ఐడిల్ టైమ్‌అవుట్ (కదలిక లేని కనెక్షన్‌ని తీసేసే గడువు) 30 నిమిషాలకి పెంచమంటారు. ఆపరేటర్ గేట్‌వే టైమ్‌అవుట్ మన చేతిలో ఉండదు. మంచి మెయిల్ యాప్ అయితే తెగినప్పుడల్లా హార్ట్‌బీట్ తగ్గించుకుంటూ, నిలిచినప్పుడు పెంచుకుంటూ సర్దుకుంటుంది.

ఇప్పుడు ఔట్‌లుక్, జీమెయిల్ యాప్‌లు సొంత కనెక్షన్ పట్టుకుని కూర్చోవు. కొత్త మెయిల్ సంగతి యాపిల్ లేదా గూగుల్ నోటిఫికేషన్ సర్వీస్ ద్వారా వస్తుంది, ఫోన్‌లో అన్ని యాప్‌లకీ ఆ ఒక్క కనెక్షనే. యాపిల్‌ది పోర్ట్ 5223, అది కుదరకపోతే 443. గూగుల్‌ది 5228 నుంచి 5230 దాకా. ఆఫీసు వైఫైలో ఇవి మూసి ఉంటే, లేదా ఫైర్‌వాల్ ఎన్‌క్రిప్షన్ విప్పి చూడాలని ప్రయత్నిస్తే, బ్రౌజర్ చక్కగా పనిచేస్తుంది, మెయిల్ మాత్రం మోగదు. ఇంకో మాట: ఐఫోన్ సొంత మెయిల్ యాప్‌లో మామూలు జీమెయిల్ ఖాతాకి పుష్ (మెయిల్ రాగానే ఫోన్‌కి కబురు అందడం) లేదు, ఫెచ్ మాత్రమే. అక్కడ ఎంత వెతికినా దొరికే లోపమేమీ లేదు.

తప్పెక్కడో పట్టాలంటే ఫోన్‌ని ఛార్జర్ నుంచి తీసి, వైఫై ఆపి, స్క్రీన్ ఆఫ్ చేసి అరగంట కదల్చకుండా ఉంచండి. వేరే ఖాతా నుంచి మెయిల్ పంపండి. తర్వాత అదే పని వైఫై మీద. మొబైల్ డేటాలో మోగి వైఫైలో మోగకపోతే ఫైర్‌వాల్‌ని చూడాలి. రెండిట్లోనూ మోగక, స్క్రీన్ వెలగ్గానే పడితే బ్యాటరీ సెట్టింగే. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్, కదలని ఫోన్‌లో యాప్‌ల నెట్‌వర్క్‌ని ఆపేస్తుంది. గూగుల్ ద్వారా వచ్చే అత్యవసర నోటిఫికేషన్లు దాన్ని దాటి వస్తాయి, ఐమ్యాప్ ఐడిల్ మీద ఆధారపడే చిన్న యాప్‌లు రాలేవు. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి. ఫోర్స్ స్టాప్ కొట్టిన యాప్‌కి మాత్రం మళ్లీ తెరిచేదాకా నోటిఫికేషన్ రాదు.

పంపేవైపు చిక్కులు వేరు. అటాచ్‌మెంట్ మెయిల్‌లో ఎక్కేటప్పుడు మూడోవంతు పెరుగుతుంది, 15 ఎంబీ ఫైల్ 20 ఎంబీ దాటుతుంది. సర్వర్ పరిమితి 20 అయితే అది ఔట్‌బాక్స్‌లో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీకి పోర్ట్ 25 పెట్టి ఉంటే 587కి మార్చండి, 25ని చాలా నెట్‌వర్క్‌లు ఆపేస్తాయి.

పాస్‌వర్డ్ మార్చాక ఖాతా పదేపదే లాక్ అవుతుంటే సొరుగులో పడున్న పాత ఫోనో, ట్యాబో పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతోందేమో చూడండి. ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో అయితే 2022 అక్టోబర్ నుంచి ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్‌ని ఆపేస్తూ వచ్చారు. సరైన పాస్‌వర్డ్ కొట్టినా పాత యాప్ మళ్లీ అడుగుతుంటే ఖాతా తీసేసి, బ్రౌజర్ పేజీలో లాగిన్ చేయించే యాప్‌లో పెట్టాలి.

ఫోన్ పోయినప్పుడు ఐటీ వాళ్లు చేసే తొందరపాటు ఒకటుంది: ముందు పాస్‌వర్డ్ మార్చి, తర్వాత రిమోట్ వైప్ (దూరం నుంచే ఫోన్‌లోని డేటా చెరిపే ఆదేశం) నొక్కడం. వైప్ ఆదేశం సర్వర్‌లోనే వేచి ఉంటుంది, ఫోన్ లాగిన్ అయ్యి సింక్‌కి వచ్చినప్పుడే దానికి అందుతుంది. పాత పాస్‌వర్డ్‌తో లోపలికి రాలేని ఫోన్‌కి ఆ ఆదేశం చేరదు, అందులోని మెయిల్ అలాగే ఉంటుంది. ముందు వైప్ పంపి, పూర్తయినట్టు అడ్మిన్ పేజీలో కనిపించాక పాస్‌వర్డ్ మార్చండి. ఫోన్ ఆఫ్ అయి ఉండి ఆ సమాచారం ఎంతకీ రాకపోతే మాత్రం ఆగకుండా పాస్‌వర్డ్ మార్చేయాలి, అప్పుడు లోపలి మెయిల్‌కి స్క్రీన్ లాక్, ఎన్‌క్రిప్షన్ తప్ప వేరే కాపలా లేదు.