రాజుగారి బల్ల, బావ కారు

మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. ఆరు నెలలుగా వాడికి నైట్ల పిచ్చి పట్టింది, అంటే పాతకాలం ఇంగ్లీషు కథల్లో కత్తీ డాలూ పట్టిన వీరుల పిచ్చి. అట్ట కత్తి, అట్ట డాలు, వంటింట్లో ఫాయిల్ చుట్టి మా అక్క చేసిచ్చిన శిరస్త్రాణం. అందుకే ఆగస్టు బ్యాంక్ హాలిడేకి ఎక్కడికైనా పోదామనగానే ఆ నైట్లకి రాజు, ఆర్థర్ ఊళ్లే తిరగాలని వాడే తేల్చేశాడు. నేను శుక్రవారం రాత్రి లండన్ నుంచి బేసింగ్‌స్టోక్‌లో అక్కావాళ్లింటికి చేరాను. కారు బావది, పులిహోర అక్కది, టికెట్లూ పార్కింగూ నా వంతు. ఈ పార్కింగ్ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

వించెస్టర్ అక్కడికి అరగంట దారి. కారు పెట్టి, యాప్‌లో నంబరు కొట్టి, రెండు గంటలు అని నొక్కాను. "కట్టావా?" అన్నాడు బావ. "ఆ, కట్టేశా" అన్నాను, అప్పటికే మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని లాగేస్తున్నాడు.

అక్కడి పాత కోట సభామందిరం, గ్రేట్ హాల్, 1222-1235 మధ్య మూడో హెన్రీ కట్టించింది. లోపలికెళ్లగానే ఎదురుగా గోడకి, ఆర్థర్ తన నైట్లతో చుట్టూ కూర్చునేవాడని కథల్లో చెప్పే గుండ్రటి బల్ల వేలాడుతోంది. బల్ల అంటే ఏదో అనుకుంటాం గానీ, ఆకుపచ్చా తెలుపూ చారలతో అచ్చం డార్ట్ బోర్డులా ఉంది, కాకపోతే ఈ చివర నుంచి ఆ చివరకి అయిదున్నర మీటర్లు, బరువు పన్నెండు వందల కిలోలు. పూర్తిగా ఓక్ చెక్క. ఇది నిజంగా ఆర్థర్‌దేనా మావయ్యా అన్నాడు వాడు. అక్క నా వైపు చూసింది, చెప్పకురా అన్నట్టు. కానీ పక్కనే బోర్డు మీద రాసుంది, వాడికి చదవడం వచ్చు. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి ఇది పదమూడో శతాబ్దానిదని తేల్చారు. 1290లో మొదటి ఎడ్వర్డ్ ఇక్కడికి దగ్గర్లో జరిపిన టోర్నమెంట్ కోసం చేయించి ఉంటాడంటారు. ఆర్థర్ అనేవాడు ఉంటే గింటే అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందటివాడు.

ఆ రంగులు ఇంకా తర్వాతివి. 1522లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదో చార్లెస్ వచ్చినప్పుడు ఎనిమిదో హెన్రీ వేయించాడు. బల్ల మీద కిరీటంతో కూర్చున్న ఆర్థర్‌కి హెన్రీ పోలికలే ఉన్నాయి. వీరధర్మానికి మూలపురుషుడి ముఖం నాదే అని చుట్టానికి చూపించుకోవడమన్నమాట. ఆ చుట్టం ఎవరో కాదు, హెన్రీ భార్య కేథరిన్‌కి స్వయానా అక్క కొడుకు. పదకొండేళ్లు తిరిగేసరికి ఆ కేథరిన్‌ని వదిలించుకుని ఆన్ బొలీన్‌ని చేసుకున్నాడు, ఇంకో మూడేళ్లకి ఆవిడ తల తీయించాడు. పిల్లాడి ముందు ఈ ముక్క మాత్రం మింగేశాను.

బల్ల అంచు చుట్టూ ఇరవై నాలుగు మంది నైట్ల పేర్లున్నాయి. పాతకాలం అక్షరాలు, చదవడం కష్టమే, ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ ఒక్కో పేరూ పట్టుకున్నాం. రాజుకి ఒక పక్కన గాలహాడ్, అంటే మచ్చ లేనివాడు. రెండో పక్కన మోర్డ్రెడ్! "వాడు విలన్ కదా, రాజు పక్కన ఎందుకు కూర్చోబెట్టారు?" అని వీడి ప్రశ్న. నాకైతే ఆ హాల్లో అన్నిటికన్నా నచ్చింది అదే. మోర్డ్రెడ్ ఎక్కణ్ణుంచో వచ్చిన శత్రువు కాదు, ఆర్థర్ తనకి తెలియకుండా వరసకి అక్క అయ్యే ఆవిడతో కన్న కొడుకు. మే ఒకటిన పుట్టినవాడి చేతిలో నీకు చావుందని మాంత్రికుడు మెర్లిన్ చెబితే, ఆ రోజు పుట్టిన పసిపిల్లల్ని తెప్పించి ఓడలో వేసి సముద్రంలోకి వదిలేయించాడు మన ధర్మరాజు. ఓడ బద్దలై అందరూ పోయారు, మోర్డ్రెడ్ ఒక్కడు బతికాడు. నేను కాస్త మెత్తగా చెప్పాను గానీ వాడు వెంటనే "కంసుడిలాగా" అన్నాడు. ఆ తర్వాత కాసేపు బల్ల వైపు చూడలేదు.

ఈ కథలన్నిటినీ ఒక్కచోట కుదిర్చిన సర్ థామస్ మాలరీ కామెలాట్ అంటే వించెస్టరే అని రాశాడు. ఆయన పుస్తకాన్ని కాక్స్టన్ అచ్చువేసింది 1485లో. చేతిరాత ప్రతి ఒకటి 1934లో ఇదే ఊళ్లో, వించెస్టర్ కాలేజీలో బయటపడింది. మాలరీ తనని తాను ఖైదీగా ఉన్న నైట్‌నని చెప్పుకున్నాడు. ఆ పేరున్నవాళ్లలో ఈయనేనని చాలామంది పండితులు గుర్తుపట్టిన మాలరీ మీదైతే దోపిడీ, మానభంగం దాకా అభియోగాలున్నాయి. అలాంటివాడు వీరధర్మం గురించి రాయడమేంటని మొదట్లో నాకు చిరాగ్గా ఉండేది. కానీ చూడండి, ఆడవాళ్లకి అండగా ఉంటాం, శరణు అన్నవాణ్ణి చంపం అని నైట్లంతా ఏటా చేసే ప్రమాణం అందులో ఎప్పుడు వస్తుంది? గవైన్ అనే నైట్ శరణు వేడినవాడి మీదికి కత్తెత్తి, అడ్డొచ్చిన ఆడమనిషి తల పొరపాటున నరికి, ఆ తలని మెడలో వేలాడేసుకుని కొలువుకి తిరిగొచ్చాక. తప్పు ముందు, ప్రమాణం తర్వాత. ఇది జైల్లో కూర్చున్నవాడికే తట్టే వరస అనిపిస్తుంది నాకు.

దారిలో స్టోన్‌హెంజ్ కారు కిటికీలోంచే చూశాం. ట్రాఫిక్ పుణ్యమా అని బాగానే కనపడింది.

గ్లాస్టన్‌బరీ గురించి ఎక్కువ చెప్పను. 1184లో అక్కడి క్రైస్తవ మఠం కాలిపోయింది. 1191లో అక్కడి సన్యాసులకి సరిగ్గా తమ స్మశానంలోనే ఆర్థర్, ఆయన రాణి గ్వినివీర్ల ఎముకలు దొరికాయి. మళ్లీ కట్టుకోవడానికి డబ్బు కావాల్సిన రోజులు మరి. ఇప్పుడు గడ్డిలో ఒక బోర్డు, చుట్టూ మొండిగోడలు. అక్కడే దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం.

తింటూ ఫోన్ తీస్తే పార్కింగ్ యాప్ ఇంకా తెరిచే ఉంది. డబ్బు కట్టే చివరి బటన్ నేను నొక్కనే లేదు. బావ చెట్టు నీడన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మొహంలో అంత ప్రశాంతత ఈమధ్య ఎప్పుడూ చూడలేదు. చెప్పొచ్చు. ఫోన్ జేబులో పెట్టేశాను.

కార్న్‌వాల్ దాకా దాదాపు మూడు గంటలు. వెనక సీట్లోంచి వాడు కథ చెప్పమన్నాడు, నాకు అప్పుడే గుర్తురావాలా గవైన్, ఆకుపచ్చ నైట్ కథ! పచ్చటి మనిషి కొలువుకొచ్చి నా తల నరుకు, ఏడాది తర్వాత నీ తల నాది అంటాడు. గవైన్ నరుకుతాడు, వాడు తల చేత్తో పట్టుకుని వెళ్లిపోతాడు. ఏడాదికి మాట నిలబెట్టుకోవడానికి గవైన్ బయల్దేరతాడు. దారిలో ఒక కోట, ఆ దొరతో ఒప్పందం: పగలంతా ఎవరికి ఏది దొరికితే సాయంత్రం అది ఇచ్చిపుచ్చుకోవాలి. దొర భార్య ఇచ్చిన ముద్దులన్నీ గవైన్ బుద్ధిగా దొరకి అప్పజెప్పేశాడు (ఇక్కడ మావాడు పడీ పడీ నవ్వాడు), కానీ ప్రాణం కాపాడుతుందని ఆవిడిచ్చిన పచ్చ దట్టీ మాత్రం దాచుకున్నాడు. తీరా చూస్తే దొరే ఆ పచ్చ నైట్! గొడ్డలి రెండుసార్లు ఎత్తి ఆపాడు, మూడోసారి మెడ మీద చిన్న గాటు పెట్టాడు, ఆ దాచినదానికి. "మరి ముందే చెప్పేస్తే సరిపోయేది కదా" అన్నాడు వాడు. "భయం రా" అన్నాను. అద్దంలో బావ కళ్లు కనిపించాయి. నేను కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు టింటాజెల్, సముద్రం ఒడ్డున పాడుబడిన కోట. కొండకీ రాతి దీవిలాంటి ముక్కకీ మధ్య 2019లో తెరిచిన వంతెన ఉంది. రెండు చివరల నుంచీ వచ్చి మధ్యలో కలవకుండా ఆగిపోతుంది, నాలుగు సెంటీమీటర్ల సందు, కింద సముద్రం. అక్క ఆ సందు దాటేటప్పుడు కళ్లు మూసుకుంది. ఆర్థర్ కడుపున పడింది ఇక్కడేనని 1130ల్లో జెఫ్రీ అనే మతగురువు రాశాడు. ఊథర్ రాజు ఇంకొకడి భార్య మీద మోజుపడి, మెర్లిన్ మాయతో ఆమె మొగుడి రూపంలో కోటలోకి వెళ్తాడు. "అహల్య కథే కదా" అంది అక్క. అంతే, కాకపోతే ఇక్కడ శాపం ఎవరికీ లేదు, పైగా మహారాజు పుట్టాడు. తర్వాత వందేళ్లకి రిచర్డ్ అనే దొర, కాపలాకి పెద్దగా పనికిరాని ఈ చోట కోట కట్టాడు, ఈ కథ కోసమేనంటారు. చివర్లో కత్తి పట్టుకున్న కంచు విగ్రహం ఉంది, దాని ఒంట్లో సగానికి పైగా ఖాళీయే, లోపల్నుంచి సముద్రం కనపడుతుంది. వాడు దానిముందు అట్ట కత్తి పట్టుకుని ఫొటో దిగాడు. గాలికి ఫాయిల్ టోపీ ఎగిరిపోయింది.

పది రోజులకి పార్కింగ్ జరిమానా ఉత్తరం వచ్చింది, కారు బావ పేరు మీదే కదా. పద్నాలుగు రోజుల్లోపు కడితే సగమేనట. ఆయన నాకు ఫోన్ చెయ్యలేదు. ఆ కాగితం ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, పైన ఒక్కటే లైను: "సర్ గవైన్ గారికి, గాటు చిన్నదే." గుంటూరు నుంచి అమ్మ వెంటనే అడిగింది, ఎవరికి దెబ్బ తగిలిందిరా అని.