ఎండు నెత్తళ్లకు ఎండ ఒక్కటే చాలదు

ఇచ్ఛాపురం దాటగానే బహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సోనాపూర్. అక్కణ్ణుంచి గోపాల్‌పూర్, ఆర్యపల్లి మీదుగా ఋషికుల్య నది మొగ దాకా ఒడిశాలోని గంజాం జిల్లా ఒడ్డు పొడుగునా మన వాడబలిజల, జాలరుల పల్లెలు కనిపిస్తాయి. బడిలో ఒడియా, బ్యాంకులో ఒడియా. వల దగ్గరా పొయ్యి దగ్గరా తెలుగు. పడవలు ఒడ్డెక్కి వేలం పాట ముగిశాక మగాళ్లు కునుకు తీస్తారు, ఊరు సద్దుమణుగుతుంది. ఆడవాళ్ల పని అప్పుడే మొదలు. ధర పలకని చేప, మిగిలిపోయిన చేప, సన్న చేప అంతా ఎండలోకి చేరాలి. చూసేవాళ్లకి ఇసుక మీద పరిచి ఊరుకున్నట్టే ఉంటుంది గానీ, సరుకు బాగుపడేదీ చెడేదీ పరవకముందు రెండు గంటల్లోనూ, పొద్దు వాలే ముందు అరగంటలోనూ. నడిమధ్యాహ్నపు ఎండ చేసేది మనం అనుకునేదాని కంటే తక్కువ.

నెత్తళ్ల సంగతే చూడండి. వీటికి పొట్ట తియ్యరు, ఉప్పు వెయ్యరు. వల్లోంచి దులిపిన రెండు మూడు గంటల్లో పరిచెయ్యాలి. మేత నిండా ఉన్న పొట్ట ఆలస్యమైతే లోపలి రసాలకే కరిగి పగిలిపోతుంది; పగిలిన చేప నల్లబడుతుంది, ఎండాక పొడైపోతుంది. కడగడానికి సముద్రపు నీళ్లే మంచివి. అయితే అల విరిగే చోట ముంచితే సగం ఇసుకే వస్తుంది. టబ్బులో నీళ్లు తెచ్చి కాసేపు తేరనిచ్చి, చేపల్ని తట్టలో పోసి ముంచి ఆడించాలి. నీళ్లు మార్చి మరోసారి. జిగురు పోవడం ముఖ్యం, ఇసుకను పట్టి ఉంచేది ఆ జిగురే. తట్టను వాలుగా పెట్టి నీరు పూర్తిగా ఓడనిచ్చాకే పరవాలి.

ఉత్త ఇసుక మీద పరవడం నాకు నచ్చదు. తడి చేపకి అంటిన ఇసుక ఎండాక తేలిగ్గా ఊడదు, తినేటప్పుడు పళ్ల కింద కరకరలాడుతుంది. పైగా మధ్యాహ్నం కాలిన ఇసుక కింది పక్కను ఉడికించేస్తుంది, తిరగేస్తే చేప విరిగిపోతుంది. కనీసం పాత నైలాన్ వలని రెండు మడతలు వేసి పరిస్తే సగం బాధ తప్పుతుంది. వెదురు మంచె కట్టుకుంటే మరీ మంచిది. మొలెత్తు గుంజలు, వాటి మీద బిగించిన వల, అటూ ఇటూ మనిషి నడిచే దారి, అంతే. వెడల్పు మాత్రం చెయ్యి అందేంతే ఉండాలి, లేకపోతే మధ్యలో చేపని ఎవరూ తిరగెయ్యరు. వల బిగువు తగ్గి కుంగిన చోట చేపలన్నీ గుంపై ముద్దగా మిగిలిపోతాయి, వాసన మొదలయ్యేది అక్కడే. వారానికోసారి తాళ్లు బిగించాలి.

పొద్దున నేల గాలి పొడిగా ఉంటుంది. పదీ పదకొండు దాటాక సముద్రపు గాలి తిరిగి చెమ్మనీ ఇసుకనీ మోసుకొస్తుంది. అందుకే ఎనిమిదికి పరిచిన నెత్తళ్లకీ పన్నెండుకి పరిచినవాటికీ అంత తేడా. పై తోలు ఆరగానే మొదటిసారి తిరగెయ్యాలి. ముందే కదిపితే వలకి అంటుకుని తోలు ఊడుతుంది, ఆలస్యం చేస్తే తడిగా ఉన్న అడుగున ఈగలు గుడ్లు పెడతాయి. ఈగ వాలేది తడి ఉన్నంతసేపే. పైన ఆరిందంటే చాలావరకు దాని బెడద తీరినట్టే. మబ్బు పట్టిన రోజున పురుగు పడటానికి కారణం ఇదే. అలాంటప్పుడు మందు చల్లే వ్యాపారులు కొందరున్నారు, అది తినే చేప అన్న సంగతే మరిచిపోయి.

పొద్దు వాలేలోపు ఎత్తెయ్యాలి. మాఘమాసపు మంచు ఒక్క రాత్రి పడితే పగలంతా ఆరింది మళ్లీ తడిసినట్టే. కుప్ప చేసి పైన టార్పాలిన్ కప్పితే రాత్రంతా లోపలి చెమ్మ పైకి ఊరి, చేప అంతా ఒకే తీరుకి వస్తుంది. రెండో రోజు త్వరగా ఆరుతుంది. మంచి ఎండైతే రెండు రోజులు చాలు. గుప్పెడు తీసుకుని పిసికితే గలగలమనాలి, వంచితే పుటుక్కుమని విరగాలి. వంగి ఊరుకుందంటే ఇంకా నీరుందని లెక్క. నాలుగు కిలోల పచ్చి నెత్తళ్లకి కిలో పైచిలుకు మిగులుతుంది. ఎక్కువ తూగిందని సంబరపడితే వారంలో బూజు.

కానాగంతల (మాకెరెల్ చేపల) దారి వేరు. వీటిని వెన్నుగుండా చీల్చి, పేగులూ మొప్పలూ తీసి, నాలుగు పాళ్ల చేపకి ఒక పాలు కళ్లుప్పు లెక్కన పొరలు పొరలుగా తొట్టిలో వేసి ఒక రోజు ఊరబెడతారు. కండ మందంగా ఉన్న పెద్ద చేపకైతే మూడింటికి ఒకటి. ఊరిన చేపని ఉప్పునీటిలో ఒకసారి తిప్పి పైన మిగిలిన ఉప్పు దులిపి ఎండలో వేస్తారు. మండుటెండలో ఒక్కసారిగా పెడితే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదటి రోజు పలచటి నీడ ఉంటే నయం. ఇంకో మాట, పట్టాక గంటలు గంటలు వేడిలో పడి ఉన్న కానాగంత తింటే ఒళ్లు ఎర్రబడి దురద పెడుతుంది. అందులో పుట్టిన విషం ఉప్పుకీ పోదు, ఉడికించినా పోదు. పాడవబోయే చేపని ఎండబెట్టి గట్టెక్కిద్దామంటే కుదరదు. కవళ్లలో (సార్డీన్ చేపల్లో) నూనె ఎక్కువ కనుక పసుపెక్కి పాత నూనె వాసన వేస్తాయి, వాటిని ఎక్కువ నెలలు దాచకూడదు. రిబ్బన్‌లా పొడుగ్గా ఉండే సావళ్లని తాడు మీద వేలాడదీస్తే సరి.

ఉప్పు గంజాం జిల్లాలోనే ఉన్న హుమ్మా ఉప్పు మడుల నుంచి వస్తుంది, లేదా సరిహద్దు ఇవతలి నౌపడ నుంచి. కొత్త ఉప్పు కొనకండి. అందులో చేదు నీరు మిగిలి ఉంటుంది, వాన గాలికి చేప చెమరుస్తుంది. కుప్ప పోసి కొన్ని నెలలు ఆ నీరు కారిపోయిన పాత ఉప్పే పనికొస్తుంది. ఉప్పుచేప మీద గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే అది ఉప్పుతో వచ్చిన సూక్ష్మజీవి. ఆ తొట్టిని కడిగి ఎండబెట్టకుండా మళ్లీ వాడితే తర్వాతి సరుక్కీ పాకుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట బంద్. ఋషికుల్య మొగ చుట్టూ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆంక్షలు వేరే. చలికాలం చివర్లో ఎండబెట్టినవే ఆ వేట లేని రోజుల్లో ఇంటికి ఆధారం. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డున చేప తలకాయలు పారెయ్యకూడదు. వాటికొచ్చిన కుక్కలు తర్వాత గూళ్లు తవ్వుతాయి. పొదంపేట లాంటి చోట్ల సముద్రం ఊళ్లోకే వచ్చేసి, మంచెలు వెయ్యడానికి జాగా వెతుక్కోవాల్సి వస్తోంది.

కొనేటప్పుడు తట్ట అడుగు నుంచి గుప్పెడు తీసి చూడండి, పైన ఉన్నవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. నెత్తళ్లు వెండిలా మెరవాలి, చేతికి పొడి అంటకూడదు. ఇంట్లో మందపాటి కవర్లో మూతి బిగించి పెట్టి, వానాకాలంలో ఎండ వచ్చిన రోజల్లా ఒకసారి బయట వేస్తే వెంట్రుకల పురుగు పట్టదు. వండే ముందు తలలు తుంచి, నూనె లేని మూకుడులో వాసన మారేదాకా వేపి, తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఒకటికి రెండుసార్లు కడగండి. వేపితే అంటుకున్న ఇసుక ఏదైనా ఉంటే వదిలి అడుక్కి దిగుతుంది. ముందే నానబెట్టేస్తే ముక్క చితికి, పులుసులో వంకాయే మిగులుతుంది.